చలికాలంలో ఇంట్లోనే బండి సర్వీసు: మిగిలేదెంత, పెట్టాల్సిందెంత?

ప్రశ్న: ఆదిలాబాద్‌లో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 38,000 రూపాయలు. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. 2022 అక్టోబరులో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద రోజూ 40 కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లి వస్తాను. వారంటీ అయిపోయింది. ఈ చలికాలం సెలవుల్లో సర్వీసు ఇంట్లోనే చేసుకుని, కొన్ని మార్పులు కూడా చేయాలని ఉంది. పనిముట్లకు 14,500, మార్పులకు 27,000, మొత్తం 41,500 రూపాయలు క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐలో పెట్టవచ్చా? సర్వీసు ఖర్చు మిగులుతుంది కనుక ఆ డబ్బు తిరిగి వస్తుందని నా అంచనా. ఇన్సూరెన్స్ 2027 వరకు ఉంది. సేవింగ్స్ ఖాతాలో 20,000 ఉన్నాయి. ఒక సర్వీసు బిల్లు, కొనాలనుకున్న వస్తువుల జాబితా జతపరిచాను.

జవాబు: ఇంట్లో సర్వీసు చేసుకోవాలన్న మీ ఆలోచన మంచిదే, చలికాలం దానికి అనువైన సమయమే. వానలు వెనకపట్టాయి, చైన్‌కు, మడ్‌గార్డు లోపలికి పట్టిన బురద ఎండిపోయింది, డిసెంబరు, జనవరిలో మీ వైపు ఆకాశం పొడిగా ఉంటుంది కాబట్టి ఇంటి ముందు బండి విప్పుకుని తీరికగా కూర్చోవచ్చు. అయితే ఈ పనిని ఈఎంఐ మీద మొదలుపెట్టడం మాత్రం తగదు. ఎందుకో మీరు పంపిన బిల్లే చెబుతోంది.

ఆ బిల్లు మొత్తం 3,400 రూపాయలు. అందులో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 1,520, ఎయిర్ ఫిల్టర్ 380. ఈ 1,900 రూపాయల సామాను మీరు ఇంట్లో చేసుకున్నా కొనక తప్పదు. మిగిలిన 1,500లో లేబర్ 760, చైన్ శుభ్రం చేసి లూబ్ (కందెన) పట్టించినందుకు 210, వాటర్ వాష్ 180, టెఫ్లాన్ కోటింగ్ 350. ఈ చివరిది ఆదా కావడానికి మీరు ఒక్క పానా కూడా కొననక్కర్లేదు. బండి అప్పగించేటప్పుడు, చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డులో అది రాయవద్దని చెబితే సరిపోతుంది. కాబట్టి మీ చేతి కష్టంతో నిజంగా మిగిలేది 1,150. అందులోంచి మీరు కొనే చైన్ క్లీనరు, లూబ్, పాత గుడ్డలు, సబ్బు ఖర్చు తీసేస్తే సుమారు 1,000 రూపాయలు. నెలకు దాదాపు 1,100 కిలోమీటర్లు తిరిగే మీకు ఏడాదికి మూడు సర్వీసులు పడతాయనుకుంటే, ఏటా ఆదా అయ్యేది 3,000 రూపాయలు.

ఇప్పుడు ఈఎంఐ లెక్క చూడండి. 41,500 రూపాయలను ఏడాదికి 16 శాతం వడ్డీతో 12 నెలల్లో తీర్చాలంటే నెలకు సుమారు 3,765 రూపాయలు కట్టాలి. ఏడాదిలో వడ్డీ 3,680 దాటుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 660 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు వేరు. అంటే మొదటి ఏడాది మీరు ఎండలో కూర్చుని చేసిన మూడు సర్వీసుల ఆదాను మించి వడ్డీకే వెళ్లిపోతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అని రాసి ఉన్నా తేడా పెద్దగా ఉండదు. అందులో వడ్డీని ధరలో తగ్గింపుగా చూపిస్తారు గానీ, ఆ వడ్డీ మీద జీఎస్టీని, ప్రాసెసింగ్ ఫీజును మీ స్టేట్‌మెంటులో వేస్తారు. ఇక ఏదో ఒక నెల పాపకు జ్వరం వచ్చి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, బాకీ పడ్డ మొత్తం మీద నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకు మించి వడ్డీ పడవచ్చు. ఖాతాలో 20,000 మాత్రమే ఉన్న ఇంటికి ఆ ప్రమాదం చిన్నది కాదు.

పనిముట్ల జాబితాను నేను 5,500 రూపాయలకు కుదించాను. 2,800 పెట్టి వెనక చక్రాన్ని పైకెత్తే ప్యాడక్ స్టాండు అక్కర్లేదు, మీ బండికి సెంటర్ స్టాండు ఉంది. 3,200 రూపాయల ఎయిర్ కంప్రెసర్ చేసే పని పెట్రోలు బంకులో జరిగిపోతుంది. చలికి టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, ఉదయం టైర్లు వేడెక్కకముందు దగ్గరి బంకులో చూపించుకోండి. 5,000 రూపాయల భారీ సాకెట్ సెట్టులో మీ బండికి పనికొచ్చే సైజులు కొన్నే ఉంటాయి, అవి నాణ్యమైనవి విడిగా కొంటే 2,000లో వస్తాయి. బోల్టును సరిగ్గా ఎంత కావాలో అంతే బిగించనిచ్చే 2,500 రూపాయల టార్క్ రెంచ్‌ను మాత్రం జాబితాలో ఉంచాను. ఆయిల్ మార్చాక, దాన్ని దించే రంధ్రానికి వేసే డ్రెయిన్ బోల్టును అంచనా మీద బలంగా బిగిస్తే అల్యూమినియం చాంబరులో మర తెగుతుంది, అప్పుడు మళ్లీ మర కోయించడానికో, కొత్త కవరుకో అయ్యే ఖర్చు ఆ ఏడాది ఆదా మొత్తాన్ని మింగేస్తుంది. బిగింపు ఎంత ఉండాలో ఓనర్స్ మాన్యువల్‌లోనో, సర్వీస్ మాన్యువల్‌లోనో చూసి, ఆ అంకెకు రెంచ్‌ను సెట్ చేసుకోండి, ప్రతిసారీ కొత్త వాషరు వేయండి. ఆయిల్ ట్రే, చైన్ బ్రష్, చేతి తొడుగులకు మరో 1,000. ఈ 5,500 రెండేళ్లలోపే తిరిగి వస్తుంది. మీ జాబితా ప్రకారమైతే అదే పనికి దాదాపు ఐదేళ్లు పట్టేది.

ఆయిల్ దగ్గర పొదుపు చేయవద్దు. మీ బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. చవకగా వచ్చిందని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడు, ఇలాంటి క్లచ్ ఉన్న బైకులకు తగినదని డబ్బా మీద తెలిపే జాసో ఎంఏ2 గుర్తు రెండూ చూసుకుని, కంపెనీ పార్టుల కౌంటరులో బిల్లుతో కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటికీ జీఎస్టీ 18 శాతమే కాబట్టి పాత 28 శాతం రేటుతో ఎవరైనా బిల్లు వేస్తే అడగండి. ఆయిల్ దించే ముందు కొద్ది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచండి, ఆదిలాబాద్ చలిలో గడ్డకట్టినట్టుండే ఆయిల్ పూర్తిగా దిగదు. దించిన ఆయిల్‌ను కాలువలో పారబోయకుండా, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇవ్వండి. పాత ఆయిల్‌ను అక్కడి నుంచి కొనుక్కునేవారు తీసుకువెళతారు.

ఇంటి పనిలో డబ్బుగా అసలు విలువ చైన్ దగ్గర ఉంటుంది. సుమారు ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి, అంటే మీకు పన్నెండు, పదమూడు రోజులకు ఒకసారి, సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరోసిన్‌తో తుడిచి లూబ్ పట్టిస్తే, మిగిలిన జిడ్డు గుడ్డతో తీసేస్తే, చైన్, దాని పళ్ల చక్రాలు కలిసిన స్ప్రాకెట్ సెట్టు వేల కిలోమీటర్లు అదనంగా నడుస్తుంది. సర్వీస్ సెంటరులో నాలుగు నెలలకోసారి చేసే శుభ్రం ఈ పనికి సాటి రాదు. తుడిచేటప్పుడు ఇంజిన్ ఆన్ చేసి గేరులో ఉంచి చక్రం తిప్పే అలవాటు మాత్రం వద్దు, అలా వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ), ముందు ఫోర్కు ఆయిల్, కోన్ సెట్ (హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు) ఇంట్లో ముట్టుకోవద్దు. వాటికి లేబర్ ఇచ్చుకోవడమే చవక.

మార్పుల విషయానికి వస్తే, మీ 27,000లో 11,000 శబ్దం వచ్చే సైలెన్సర్‌కే పోతోంది. దాన్ని జాబితా నుంచి పూర్తిగా తీసేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి, ఆర్‌సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానాగానీ, ఆరు నెలల వరకు జైలుగానీ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు ఉల్లంఘిస్తే తొలి నేరానికే 10,000 వరకు జరిమానా, మూడు నెలల పాటు లైసెన్స్ రద్దు. విశాఖపట్నంలో పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించారు. పైగా మీది బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండి. విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సరు ఎగ్జాస్ట్ దారిలోనే ఉంటాయి. వాటిని కదిలిస్తే ఇంధనం లెక్క తప్పుతుంది. అమ్మేటప్పుడు కూడా మార్చిన సైలెన్సర్‌కు ఎవరూ అదనంగా ఒక్క రూపాయి ఇవ్వరు, చాలామంది ధర తగ్గించే అడుగుతారు.

ఫాగ్ లైట్లు అడగడంలో న్యాయం ఉంది, తెల్లవారుజామున మంచులో వెళ్లేవారికి అవి అవసరమే. కానీ 4,500 రూపాయల ఆ బయటి ఎల్ఈడీ లైట్ల కోసం వైరింగ్ కోసి అతికితే, రేపు షార్ట్ సర్క్యూట్ జరిగినప్పుడు క్లెయిమును తిరస్కరించడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి మీరే కారణం చూపినట్టవుతుంది. డీలరు దగ్గర దొరికే కంపెనీ యాక్సెసరీని, వైరు కోయకుండా తగిలించే, రిలే, ఫ్యూజు ఉన్న కప్లరుతో, బిల్లు తీసుకుని వేయించుకోండి. క్రాష్ గార్డు 3,800 కూడా అలాగే. సీటు 4,000, ఫోన్ చార్జరు 1,500 తర్వాతి సంగతి, హ్యాండిలు 2,200 వదిలేయండి. వీటన్నిటికన్నా ముందు ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్, చలికి చేతులు కొంకర్లు పోకుండా గ్లౌజులు మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ రెండూ మీ జాబితాలో కనిపించలేదు.

మీ లేఖలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట 'ఇన్సూరెన్స్ 2027 వరకు ఉంది' అన్నది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికే అది వర్తిస్తుంది. మీ బండికి జరిగే నష్టం, దొంగతనం కవరు అయ్యే ఓన్ డ్యామేజ్ భాగం చాలా పాలసీల్లో మొదటి ఏడాదికే ఉంటుంది, తర్వాత ఏటా విడిగా రెన్యూ చేసుకోవాలి. పాలసీ కాగితం తీసి ఓన్ డ్యామేజ్ ఎదుట ఏ తేదీ ఉందో చూడండి. 2023 అక్టోబరు అని ఉంటే, రెండేళ్లకు పైగా మీ బండి పోయినా, విరిగినా పైసా రాని స్థితిలో తిరుగుతున్నారన్నమాట. గడువు ముగిసి 90 రోజులు దాటితే, క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఇప్పుడు తీసుకోవాలంటే కంపెనీ బండిని తనిఖీ చేస్తుంది కాబట్టి, ఏ మార్పూ చేయకముందే, అన్నీ కంపెనీ పార్టులతో ఉన్నప్పుడే ఈ పని ముగించండి. ప్రీమియం బండి విలువను, డిస్కౌంటును బట్టి మారుతుంది. యజమాని, డ్రైవరుకు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాతో కలిపి సుమారు 2,500 అనుకుని లెక్క వేశాను. ఆ ప్రమాద బీమా కూడా మొదటి ఏడాదితోనే ముగిసి ఉండవచ్చు, దాని తేదీ కూడా చూడండి. తర్వాత ఫాగ్ లైట్ల వంటివి వేయించినప్పుడు ఆ వివరం కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, పాలసీలో చేర్పించుకోండి.

ఇక డబ్బు సర్దుబాటు. నెలకు 3,765 రూపాయల ఈఎంఐ కట్టగలనని మీరు అనుకున్నారు కాబట్టి ఆ మొత్తాన్నే వాడుకుందాం. మొదటి రెండు నెలల డబ్బు 7,530 అవుతుంది, దానిలోంచి ముందు ఇన్సూరెన్స్, తర్వాత పనిముట్లు కొనండి. దాదాపు 500 తక్కువ పడితే టార్క్ రెంచ్‌ను మూడో నెలకు వాయిదా వేసి, అంతవరకు చైన్, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ టెర్మినళ్ల పనితో సరిపెట్టుకోండి. ఆ తర్వాత నెలకు 1,100 బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. బండికి ఏడాదికి అయ్యే ఖర్చు ఎంతో చూసి ఆ అంకె పెట్టాను: మూడు సర్వీసుల సామాను 5,700, టైర్లు, చైన్, బ్రేక్ ప్యాడ్లకు పక్కన పెట్టవలసింది 4,500, ఇన్సూరెన్స్ 2,500, అంతా కలిపి 12,700. 2027లో థర్డ్ పార్టీ గడువు తీరాక, ఇప్పటి రేటు ప్రకారం మీ సీసీకి ఏటా 1,366 రూపాయలు, దానిపై జీఎస్టీ దీనికి కలుస్తాయి.

మిగిలిన 2,600 నేరుగా అత్యవసర నిధికి పంపండి. పది నెలలకు మీ 20,000 కాస్తా 46,000 అవుతుంది. ఇంటి ఖర్చు మూడు నెలలకు సరిపడా చేరేవరకు ఆపకూడదు గానీ, ఫాగ్ లైట్లు, క్రాష్ గార్డు మాత్రం వచ్చే ఏడాది చలి మొదలయ్యేలోపు ఆ 2,600ను మూడు, నాలుగు నెలలు మళ్లించి, అప్పు లేకుండా కొనుక్కోవచ్చు. ప్రతి సర్వీసుకు తేదీ, కిలోమీటర్లు, వాడిన సామాను బిల్లు ఒక నోటు పుస్తకంలో అతికించి ఉంచండి. డీలరు సర్వీసు చరిత్ర ఆగిపోయిన బండిని కొనేవారు రేపు అడిగేది అదే. వ్యక్తిగత ప్రమాద బీమా ఫారంలో నామినీగా మీ భార్యగారి పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించండి.