తొలగింపు నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: ఒక సినిమాను విమర్శిస్తూ నేను పెట్టిన వీడియోలో ఆ సినిమా దృశ్యం కొన్ని క్షణాలపాటు ఉందని, నోటీసు వచ్చిందంటూ వీడియో మొత్తాన్ని తొలగించారు. కోర్టు తీర్పేదీ లేకుండా ఇలా చేయవచ్చా? కాపీరైట్ చట్టం భావప్రకటనా స్వేచ్ఛకు అడ్డు కాదా?
- ఒక పాఠకురాలు

జవాబు: తొలగించడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, హక్కుదారు పంపే నోటీసు చాలు. ఈ పద్ధతి ప్రధానంగా అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంతో వ్యాపించింది. నోటీసు అందగానే సదరు అంశాన్ని తొలగించే సంస్థపై నష్టపరిహారం భారం పడకుండా ఆ చట్టం రక్షణ కల్పించింది. ఆ రక్షణే లేకపోతే సామాన్యులు తమ వీడియోలు పెట్టుకునే వేదికలు ఇంతగా పెరిగేవి కావు కనుక, దాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. కాపీరైట్ కూడా భావాలపై హక్కు ఇవ్వదు, వాటిని వ్యక్తం చేసిన రూపానికే వర్తిస్తుంది. విమర్శ కోసం కొంత భాగాన్ని ఉదహరించడానికి చాలా దేశాల చట్టాలు వీలు కల్పిస్తున్నాయి.

చిక్కంతా అమలులో ఉంది. తొలగిస్తే సంస్థకు పెద్దగా పోయేదేమీ లేదు, ఉంచితే దావా పడవచ్చు. అలాంటప్పుడు మీ విమర్శ చట్టసమ్మతమా కాదా అని ఆలోచించే ఓపిక దానికి ఎందుకుంటుంది? అమెరికాలో 2007లో ఒక తల్లి, తన పసివాడు పాటకు గెంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెడితే, సంగీత సంస్థ నోటీసుతో అది కనబడకుండా పోయింది. నోటీసు పంపేముందు అది న్యాయమైన వినియోగమేమో, అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకమేమో ఆలోచించి తీరాలని అప్పీలు న్యాయస్థానం చెప్పేసరికి 2015 వచ్చింది. ఒక చిన్న వీడియో కోసం అన్నేళ్లు పోరాడగలిగేవారు ఎందరు?

యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన కాపీరైట్ ఆదేశం పెద్ద వేదికలపై బాధ్యతను ఇంకా పెంచింది. విమర్శకూ పేరడీకీ మినహాయింపు ఉండాలని ఆ ఆదేశమే చెబుతున్నా, దృశ్యాల పోలికను పట్టే సాఫ్ట్‌వేర్‌కు వాటిని ఎందుకు వాడారో తెలియదు. ఏది మాట్లాడవచ్చో తేల్చే పనిని న్యాయమూర్తి నుంచి యంత్రానికి అప్పగించడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను.

మీకు వచ్చింది అమెరికా చట్టం కింద పంపిన నోటీసు అయితే, తొలగింపు పొరపాటని చెబుతూ ఆ వేదికకు ప్రతినోటీసు ఇవ్వండి. హక్కుదారు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియోను తిరిగి ఉంచాలి. అయితే అందులో మీ అసలు పేరు, చిరునామా రాయాలి, అవి హక్కుదారుకు చేరతాయి. కాబట్టి పంపేముందు ఒక న్యాయవాదిని సంప్రదించడం మంచిది.