ఐసు సగమే పడుతోంది, వారంటీ రాదంటున్నారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. సంక్రాంతి ఆఫర్లో భీమవరంలో లక్షా పాతిక వేలు పెట్టి సైడ్ బై సైడ్ ఫ్రిజ్ కొన్నాం. ఐసు దానంతటదే తయారవుతుందని, తలుపు దగ్గరే చల్లటి నీళ్ళు పట్టుకోవచ్చని షాపులో చూపించారు. ఇంట్లో పెట్టాక ఐసు ముక్కలు సగం సగమే పడుతున్నాయి, నీళ్ళు దారంలా వస్తున్నాయి. కంపెనీ మెకానిక్ వచ్చి, ‘మీ ట్యాంకులో ప్రెషర్ లేదు, పైగా బోరు నీళ్ళు, వారంటీ రాదు’ అని వెళ్ళిపోయాడు. ఈలోగా ఫ్రిజ్ వెనక పైపు జాయింటు ఊడి, రాత్రంతా నీళ్ళు కారి వంటింటి కబోర్డులు ఉబ్బిపోయాయి. ఆ పైపు బిగించింది షాపువాళ్ళు పంపిన కుర్రాడే. మా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయాయి. కబోర్డుల సంగతి బలంగా ఉంది. ఐసు సంగతి ఎలా రాస్తామన్న దాని మీద ఆధారపడి ఉంది.

ముందు కబోర్డులు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఒక వస్తువు వల్ల మన మనుషులకో, వేరే ఆస్తికో నష్టం జరిగితే పరిహారం అడిగే హక్కు ఉంది. వస్తువు తయారుచేసినవాళ్ళే కాదు, దానికి సంబంధించిన పని చేసినవాళ్ళు కూడా సెక్షన్ 85 కింద బాధ్యులే. పైపు బిగించడంలో లోపం ఉంటే అది ఆ పని చేయించినవాళ్ళ నెత్తినే పడుతుంది. అయితే షాపువాళ్ళు రేపు ‘ఆ కుర్రాడు మావాడు కాదు, బయటి ప్లంబరు’ అంటారు. ఇలాంటి కేసుల్లో సగం ఇక్కడే నీరుగారిపోతాయి. అతన్ని షాపే పంపిందని చూపే కాగితం ఏదైనా ఉందా? డెలివరీ స్లిప్పు, వాట్సాప్ మెసేజ్, బిల్లులో ఇన్‌స్టలేషన్ అని రాసిన లైను, ఆ రోజు ఫోను కాల్ వివరాలు, ఏది దొరికినా దాచండి. ఊడిన జాయింటు పారేయకండి. కబోర్డులు బాగుచేయించే ముందు ఫొటోలు తీసి, వడ్రంగి దగ్గర అంచనా రాయించుకోండి.

ఇక ఐసు. మీకు కోపం రావచ్చు గానీ, మెకానిక్ చెప్పిన ప్రెషర్ మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కుళాయి పైపుకు కలిపే ఐస్‌మేకర్‌లోకి నీళ్ళు ఒక చిన్న వాల్వు ద్వారా, లెక్కపెట్టిన కొన్ని సెకన్ల పాటే వస్తాయి. ఆ సెకన్లలో సరిపడా నీరు రాకపోతే ట్రే నిండదు, ముక్క సగమే గడ్డకడుతుంది. చాలా కంపెనీల మాన్యువళ్ళలో కనీసం 20 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడిని కొలిచే లెక్క) ప్రెషర్ కావాలని ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. డాబా మీది ట్యాంకు ఫ్రిజ్ కన్నా పది అడుగుల ఎత్తున ఉంటే వచ్చేది నాలుగు పీఎస్‌ఐ పైచిలుకే. ఒక్క ఎత్తు మీదే 20 రావాలంటే ట్యాంకు దాదాపు 46 అడుగుల పైన ఉండాలి. కోనసీమలో ఎన్ని ఇళ్ళకు అంత ఎత్తుంటుంది?

అందుకే ‘ఫ్రిజ్ చెడిపోయింది’ అని ఫిర్యాదు రాయకండి. అలా రాస్తే పరీక్ష అడుగుతారు. కేసు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబుకు పంపితే ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి. మంచి ప్రెషర్ పెట్టి చూస్తే ఐసు చక్కగా పడుతుంది, మీ కేసు అక్కడితో సరి. మీ అసలు ఫిర్యాదు వేరే. ఇంత ప్రెషర్ కావాలన్న సంగతి అమ్మేముందు చెప్పకుండా, మామూలు ఇంట్లో కూడా పనిచేస్తుందన్నట్టు చూపించి అమ్మారు. వస్తువుకు లేని ఉపయోగం ఉన్నట్టు చెప్పడం ఆ చట్టంలోనే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మాది డాబా మీద ట్యాంకు అని షాపులో చెప్పారా? చెప్పి ఉంటే అది మీకు పెద్ద బలం, ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయండి. చెప్పకపోతే లేని మాట కల్పించకండి, విచారణలో దొరికిపోతారు. షాపువాళ్ళు మాత్రం మాన్యువల్లో అంతా ఉందంటారు. పెట్టె విప్పాక దొరికే పుస్తకం కొనేముందు చెప్పినట్టు ఎలా అవుతుందన్నది మన వాదన.

బోరు నీళ్ళ దగ్గర మాత్రం మీ తప్పు కొంత ఉంది. ఫ్రిజ్‌లో ఉండే ఫిల్టరు సాధారణంగా కార్బన్‌ది. క్లోరిన్ వాసన తగ్గిస్తుంది గానీ ఉప్పు తీయదు. మన సముద్రపు వైపు ఊళ్ళలో బోరు నీళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ నీళ్ళకు వాల్వులో పొర కట్టి మూసుకుపోతే కంపెనీ చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. కాలవలు కట్టేసిన వేసవిలో పంచాయతీ నీళ్ళు చాలక బోరు ఎక్కించామంటే మనిషిగా అర్థమవుతుంది, వారంటీ షరతుకు అర్థం కాదు. అలాగని బోరు నీళ్ళ పేరు చెప్పి మొత్తం ఫ్రిజ్‌కే వారంటీ లేదనడం కుదరదు. కంప్రెసర్‌కూ మీ బోరుకూ ఏం సంబంధం? ఏ భాగానికి, ఏ షరతు ప్రకారం వారంటీ తీసేశారో రాతపూర్వకంగా ఇమ్మని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే షాపుకూ కంపెనీకీ నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్. కొన్నది భీమవరంలో అయినా, మీరు నివసించే చోటు ఏ కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే వేయవచ్చు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు (మా వాళ్ళు ఈ మాటకు నన్ను తిట్టుకుంటారు). గడువు రెండేళ్ళు.

డబ్బు మొత్తం వెనక్కి వస్తుందని నేను మాట ఇవ్వను. కబోర్డుల ఖర్చు, కొంత పరిహారం వరకు ఆశ పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ మీకు కావాలనుకుంటే బూస్టరు పంపు పెట్టించే ఖర్చు షాపు భరించాలని నోటీసులోనే అడగండి, చాలాసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. కానీ పంపు బిగించే ముందు కంపెనీ మనిషినే మళ్ళీ పిలిచి, గేజి పెట్టించి, ప్రెషర్ ఎంత ఉందో జాబ్ షీటులో రాయించి సంతకం తీసుకోండి. పంపు పెట్టాక పాత ప్రెషర్ ఎంతో ఎవరూ రుజువు చేయలేరు.