తిప్పతీగ కషాయం తాగుతున్న అమ్మకి కళ్ళు పచ్చబడినాయి, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అమ్మకి 54 ఏళ్ళు, థైరాయిడ్ ఉంది. రెండు నెలలుగా రోజూ పొద్దున తిప్పతీగ కషాయం తాగుతోంది. దాంతో లివర్ పాడైందని ముంబై డాక్టర్లు ఆరుగురి కేసులు రాసినారంట. ఆరుగురిని చూసి చెప్పేది కూడా రీసెర్చేనా సార్? పది రోజులుగా అమ్మకి ఆకలి లేదు, ఒళ్ళంతా దురద, కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి, వేడి చేసిందేమో అనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, పాకాల

డాక్టర్ సలహా: మీరు అడిగింది రీసెర్చ్ గురించి, నాకు భయమేసింది మాత్రం ఆఖరి లైన్ చూసి. వేడి చేస్తే కళ్ళు పచ్చబడవు నాయనా. కషాయం ఈరోజే ఆపించండి, రేపు పొద్దున్నే డాక్టరుకి చూపించి ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసేది), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసేది), హెపటైటిస్ టెస్టులు, కడుపు స్కానింగ్ చేయించండి. మనిషిని చూడకుండా ఇది తిప్పతీగ వల్లేనని నేను చెప్పలేను, నీళ్ళతో వచ్చే కామెర్లు కావచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డంపడి కావచ్చు, వేరే మాత్రలేమైనా వాడుతోందేమో మీరు రాయలేదు.

ఆరుగురి సంగతికి వస్తే, 2021లో వచ్చిన ఆ రిపోర్టుని ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాళ్ళు తాగింది తిప్పతీగేనా లేక దాన్ని పోలిన ఇంకో తీగా తేల్చలేదు కదా అనింది. అడగాల్సిన ప్రశ్నే. పైగా తాగి బాగున్నోళ్ళు ఆ పేపర్లో ఉండరు కాబట్టి ఎంతమందిలో ఒకరికి వస్తుందనే లెక్క దాంతో తేలదు. కానీ ఇట్లా కొద్దిమంది పేషెంట్ల గురించి రాసే కేస్ రిపోర్ట్ పని రుజువు చెయ్యడం కాదు, ఇక్కడేదో తేడాగా ఉంది మీరూ చూడండయ్యా అని తోటి డాక్టర్లకి చెప్పడం. చూసినారు కూడా, 2022లో 13 సెంటర్ల నుంచి 43 కేసులు బయటికొచ్చినాయి. గర్భిణులకి వాంతులకిచ్చిన థాలిడోమైడ్ మీద 1961లో ఆస్ట్రేలియా డాక్టర్ మెక్‌బ్రైడ్ లాన్సెట్ అనే వైద్య పత్రికకి రాసింది చిన్న ఉత్తరమే, పెద్ద స్టడీ వచ్చేదాకా ఆగుంటే ఇంకెంతమంది పిల్లలు చేతులు కాళ్ళు సరిగా లేకుండా పుట్టుండేవాళ్ళో. అదే, ఫలానా ఆకుతో ఒకరికి షుగర్ పోయిందని కేస్ రిపోర్ట్ వస్తే మాత్రం నేను అంత తొందరగా నమ్మను. జాగ్రత్త పడడానికి నలుగురు చాలు, మందని మింగడానికి చాలరు.

ఇంకో మాట, ఒంట్లో రక్షణ శక్తి సొంత లివర్ మీదికే తిరగబడే జబ్బు లోపల దాగి ఉంటే తిప్పతీగ దాన్ని బయటికి తెస్తుందేమో అని ఈ కేసులు రాసిన డాక్టర్లు అంటారు. థైరాయిడ్ కూడా చాలామందిలో ఆ జాతి జబ్బే, అన్నీ కాదులెండి.

మన పక్క కామెర్లు అనగానే పసరు మందుకి పోతారు, పథ్యం పెట్టి రెండు వారాలు ఇంట్లో పడుకోబెడతారు. చాలా కామెర్లు వాటంతట అవే తగ్గిపోతాయి, పేరేమో పసరుకి వస్తుంది, తగ్గని ఆ కొందరు మత్తులో ఉండగా మా దగ్గరికి వస్తారు, అప్పుడు చేసేందుకు పెద్దగా మిగలదు. మీకు రిపోర్టు గురించి చదివే తీరిక ఉన్నింది, పది రోజుల్లో అమ్మని ఒక్కసారి చూపించే తీరిక లేకపోయిందా?

లివర్ టానిక్‌లు, నొప్పి మాత్రలు సొంతంగా వెయ్యొద్దు. థైరాయిడ్ మాత్ర ఆపొద్దు. కషాయం సంగతి డాక్టర్ దగ్గర దాచకండి, తీగ ముక్కో పొడి ప్యాకెట్టో వెంట తీసుకుపోండి. మనిషి మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, వాంతులు ఆగకపోయినా రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా సరే తిరుపతికి, రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఎమర్జెన్సీకి తీసుకుపోండి.