నాలుగేళ్ల కిందటి మెనింజైటిస్ టీకా పత్రం ఉమ్రాకు చెల్లదంటే

ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్లాల్సిన మీ నాన్నగారి నాలుగేళ్ల కిందటి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా పత్రం చెల్లదని చిత్తూరులో ట్రావెల్ ఏజెంటు తిప్పి పంపారని అడిగారు. కారణం బహుశా ఇది: అందులో టీకా రకం రాసి ఉండదు.

ఏసీవైడబ్ల్యూ టీకా (ఏ, సీ, వై, డబ్ల్యూ అనే నాలుగు రకాల మెనింజైటిస్ క్రిములకు పనిచేసేది) కాంజుగేట్ రకమైతే, అంటే క్రిమి పైపొర చక్కెరను ప్రొటీనుతో జత చేసినదైతే, సౌదీ ప్రభుత్వం 5 ఏళ్లు ఒప్పుకుంటుంది. పాలిశాకరైడ్ (ఆ చక్కెర ఒక్కటే ఉన్నది) అయితే 3 ఏళ్లే. రకం రాయకపోతే 3 ఏళ్లుగానే లెక్క కడతారు. చాలామంది ఈ ఒక్క మాట చూసుకోరు, అనవసరంగా మళ్లీ సూది వేయించుకుంటారు.

1. టీకా వేసిన ఆసుపత్రికి వెళ్లి రిజిస్టరులో టీకా పేరు, బ్యాచి నంబరు వెతికించండి. కాంజుగేట్ అని తేలితే ఆ మాట స్పష్టంగా రాయించి, సంతకం, ముద్రతో కొత్త పత్రం తీసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

2. రికార్డు దొరకకపోతే మళ్లీ వేయించండి. సౌదీలో దిగే రోజుకు కనీసం 10 రోజుల ముందే. టీకా కోసం తిరుపతికి వెళ్లేట్టయితే, బయలుదేరే ముందు అక్కడి ఆసుపత్రికి ఫోను చేసి టీకా ఉందో లేదో అడగండి.

3. ఏ, సీ రెండింటికే పనిచేసే టీకా వద్దు. 2000 హజ్ తర్వాత డబ్ల్యూ135 రకం క్రిమి (డబ్ల్యూ అంటే ఇదే) వ్యాపించింది. బ్రిటన్, ఫ్రాన్సుల్లో యాత్రికులతో పాటు, ఆ యాత్రకు వెళ్లని ఇంటివాళ్లకూ సోకింది. నాలుగు రకాల టీకా తప్పనిసరి అయింది ఆ తర్వాతే.

మీ నాన్నగారు తిరిగొచ్చాక ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా తీవ్ర జ్వరం, మెడ బిగుసుకోవడం, నొక్కినా చెరగని మచ్చలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఉమ్రా సంగతి డాక్టరుకు ముందుగా చెప్పండి.