ధర్మకాంటా చీటీ, పట్టుచీర బిల్లు, డెల్ఫీ 13

ఈసారి శీర్షిక మొత్తం డెల్ఫీకే పోయింది. 2025 సెప్టెంబరులో డెల్ఫీ 13 వచ్చింది, దానికి ఫ్లోరెన్స్ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి ఒడిశా వైపు మనవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. రాయగడలో కూర్చుని ఇది రాస్తున్న నేను కూడా ఒకప్పుడు డెల్ఫీ మీదే బతికినవాణ్ణి, కాబట్టి తప్పించుకోలేను. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: ఇది 1995 ఫిబ్రవరిలో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన సాధనం. పాస్కల్ భాషలో విండోస్ ప్రోగ్రాములు రాయడానికి పనికొస్తుంది. తెర మీద బటన్ లాగిపెట్టి, దాన్ని రెండుసార్లు నొక్కి కింద నాలుగు లైన్లు రాస్తే సాయంత్రానికి షాపువాడి చేతిలో పెట్టొచ్చు.

గుణుపురం నుంచి ఒక పాఠకుడు: సార్, మా దగ్గరి రైస్ మిల్లుకి ధర్మకాంటా ప్రోగ్రామ్ 2004లో డెల్ఫీ 7లో రాసిచ్చాను. లారీ కాటా ఎక్కితే బరువు తీసుకుని చీటీ కొడుతుంది. ఇప్పటికీ నడుస్తోంది గానీ కంప్యూటర్ మార్చినప్పుడల్లా టెన్షనే. 13కి మార్చేయనా? "నడిచేదాన్ని కెలక్కు" అంటున్నారు మా ఓనరుగారు.

ఓనరుగారు చెప్పింది సగం నిజం. 2002 నాటి డెల్ఫీ 7తో తయారైన ఈఎక్స్‌ఈ ఫైలు ఈనాటి విండోస్ మీద కూడా నోరెత్తకుండా నడుస్తుంది. ఇన్నేళ్లు ఎవరూ మారకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, దాన్ని అంత గట్టిగా కట్టారు మరి. మీ టెన్షన్ అంతా దాని పక్కనున్న బీడీఈ వల్లే, అంటే డేటా టేబుళ్లని తెరిచే బోర్లాండ్ వారి పాత ఇంజిన్ వల్లే అయ్యుంటుంది. మీరు రాయలేదు గానీ డేటా పారడాక్స్ అనే పాత డేటాబేస్ టేబుళ్లలో ఉందని నేను పందెం కాస్తాను, ఎందుకంటే ఆ రోజుల్లో మనమందరం చేసింది అదే. పారడాక్స్ తన కంట్రోల్ ఫైలుని మామూలుగా సీ డ్రైవ్ మొదట్లోనే పెట్టుకుంటుంది. విండోస్ విస్టా నుంచి మామూలు యూజర్‌ని అక్కడ రాయనివ్వరు. అందుకే కొత్త కంప్యూటర్ మీద మొదటిరోజే గొడవ, అందుకే "అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు" అని గుమాస్తాకి ఫోన్‌లో చెప్పుకోవడం.

ఇంకో తమాషా చెప్తాను. 2003లో నేను రాసిచ్చిన ఒక మిల్లు ప్రోగ్రామ్, కొన్నేళ్ల తర్వాత కొత్త కంప్యూటర్‌లోకి మారాక, ఒకరోజు హఠాత్తుగా "డిస్కులో చోటు లేదు" అని మొండికేసింది. చూస్తే డిస్కు సగానికి పైగా ఖాళీ. నేను బస్సెక్కి వెళ్లేలోపు ఆ గుమాస్తా డిస్కులోకి ఒక సినిమా కాపీ చేశాడట, ప్రోగ్రామ్ తెరుచుకుంది! ఆ కుర్రాణ్ణి చూసి నవ్వాను గానీ అతను చేసిందే అసలు మందు. ఖాళీ చోటు 4 జీబీకి సరిగ్గా రెట్టింపులకో, మూడింతలకో, అలా ఏదో ఒక గుణిజానికి దగ్గరగా ఉంటే బీడీఈ లెక్క తప్పుతుంది, చోటే లేదనుకుంటుంది. అంత పెద్ద డిస్కులు వస్తాయని దాన్ని రాసినవాళ్లు అనుకోలేదు పాపం.

కాబట్టి నా మాట: 13 సంగతి తర్వాత, ముందు డేటాని బీడీఈ నుంచి బయటికి లాగండి. ఫైర్‌బర్డ్‌లోకో ఎస్క్యూలైట్‌లోకో పోయండి, రెండూ ఉచిత డేటాబేస్‌లే. ఆ తర్వాత కాటా నుంచి సీరియల్ పోర్టులో బరువు చదివే కాంపొనెంట్, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ముక్క, ఎవరిదో చూసుకోండి. దాని సోర్సు మీ దగ్గరుంటే పని అయినట్టే. సోర్సు లేకుండా కంపైల్ చేసిన డీసీయూ ఫైళ్లు మాత్రమే ఉంటే అవి డెల్ఫీ 7కి తప్ప ఇంకే వెర్షన్‌కీ పనికిరావు. నేను డబ్బు పెట్టి కొన్న ఒక కాంపొనెంట్ అలాగే పోయింది. అమ్మినాయన సోర్సు ఇవ్వలేదు, తర్వాత మెయిల్‌కి జవాబూ లేదు. రెండు వారాలు కూర్చుని దాని పని నేనే రాసుకున్నాను.

మారాక ఒకచోట జాగ్రత్త. చీటీ మీద బస్తా సగటు బరువు వేస్తుంటారు కదా, నికర బరువుని బస్తాల సంఖ్యతో భాగించి. గుమాస్తా బస్తాల సంఖ్య కొట్టడం మరిచిపోతే డెల్ఫీ 7 ఎర్రర్ పెట్టె చూపించి ఆగేది. డెల్ఫీ 12 నుంచి దశాంశ లెక్కల్లో ఈ ఎర్రర్లు మామూలుగా మూసేసి ఉంచుతున్నారు. ఇప్పుడు అది నోరు మెదపదు, బరువు ఉండాల్సిన చోట 'ఐఎన్ఎఫ్' (అనంతం) అని ముద్రించి లారీని పంపించేస్తుంది. పాత తీరే కావాలంటే ప్రోగ్రామ్ మొదట్లో ఒక్క లైనుతో తిరిగి పెట్టుకోవచ్చు. లేదంటే 13లో కొత్తగా వచ్చిన, విలువనిచ్చే ఇఫ్–దెన్–ఎల్స్ వాడండి. పాత ఇఫ్‌దెన్ మామూలు ఫంక్షన్, రెండు విలువల్నీ ముందే లెక్కకడుతుంది కాబట్టి సున్నా ఉందేమో చూసుకునేలోపే భాగహారం జరిగిపోయేది. కొత్తది అవసరమైన వైపు మాత్రమే లెక్కేస్తుంది. ఇది రావడానికి ముప్పై ఏళ్లు పట్టిందంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

బరంపురం నుంచి, పట్టుచీరల షాపు చూసుకునే ఒక అబ్బాయి: అన్నా, మా నాన్నగారి కాలం నుంచీ డెల్ఫీ 7 బిల్లింగే. ఇప్పుడు ఠాకురాణి జాతరకి వచ్చేవాళ్లు బిల్లు మీద పేరు ఒడియాలో అడుగుతున్నారు, మనవాళ్లు తెలుగులో అడుగుతున్నారు. టైప్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి. కొత్త డెల్ఫీలో ఇది పోతుందా?

పోతుంది తమ్ముడూ, దీనికోసమైతే కళ్లు మూసుకుని మారు. అయితే 13 దాకా ఆగాల్సిన పనే లేదు, 2008లో వచ్చిన డెల్ఫీ 2009లోనే ఇది పోయింది. అంతకుముందు డెల్ఫీలో ఒక అక్షరం అంటే ఒక బైటు, ఆ బైటుకి అర్థం విండోస్ కోడ్ పేజీ, అంటే ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక, చెప్పాలి. తెలుగుకీ ఒడియాకీ విండోస్‌లో అలాంటి కోడ్ పేజీయే లేదు, రెండూ అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లోనే ఉన్నాయి. అందుకే నువ్వు ఏం కొట్టినా దానికి తెలియని అక్షరమే, ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకుంటుంది.

"మరి మా నాన్నగారు 2006లో తెలుగు బిల్లు ఇచ్చారే" అంటావేమో. ఆ రోజుల్లో అను ఫాంట్లు, ఒడియాకైతే ఆకృతి ఫాంట్లు ఉండేవి. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో మన బొమ్మలు కూర్చోబెట్టేవాళ్లు. తెర మీద చూస్తే చక్కటి తెలుగు, టేబుల్ తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగం. మీ షాపు పాత డేటా అలా ఉంటే దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని విడిగా చేయాలి, డెల్ఫీ మారినంత మాత్రాన అది మారదు. ఈ సంగతి ముందే నాన్నగారికి చెప్పు, తర్వాత చెబితే తిట్లు నీకే.

మారాక ఇంకో చిక్కు నీ ఎదురుగా నిలబడుతుంది. మీ బిల్లులో పేరుకి ఎన్ని అక్షరాల చోటు ఇచ్చారు? ఎనిమిదనుకుందాం. శ్రీలక్ష్మి అన్న పేరు మనకి మూడు అక్షరాలు, శ్రీ, ల, క్ష్మి. డెల్ఫీని పొడవెంత అని అడిగితే పదకొండు అంటుంది, ఒత్తులూ గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఎనిమిది దగ్గర కోస్తే బిల్లు మీద 'శ్రీలక్ష' అని పడుతుంది. జరీ చీర కొన్నావిడ ఆ బిల్లు చూసుకుంటే ఇంకేమైనా ఉందా! అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, ఆ ఫాంటులో పేరు ఎంత వెడల్పు వస్తుందో టెక్స్ట్‌విడ్త్ ఫంక్షన్‌ని అడుగు, పట్టకపోతే ఫాంటు సైజు తగ్గించు. పేరు మాత్రం కోయొద్దు. ఒడియాలో కూడా ఇదే కథ.

బిల్లులు టెక్స్ట్ ఫైల్లో దాచే అలవాటుంటే స్ట్రింగ్‌లిస్ట్ సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని ఫైల్లో రాసే పద్ధతి) అని నువ్వే చెప్పాలి. చెప్పకపోతే కొత్త డెల్ఫీ కూడా పాత కోడ్ పేజీలోనే రాసేస్తుంది, మళ్లీ ప్రశ్నార్థకాలు. ఇక పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి అక్షరాలు నేరుగా పోర్టులోకి పంపే పద్ధతి తెలుగుకి పనిచేయదు. విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మలా పంపాలి, కరకరమంటూ నెమ్మదిగా కొడుతుంది. ఫాంటు గురించి దిగులు వద్దు, విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి.

జయపురం నుంచి, ఇంట్లోంచి పనిచేసే ఒక డెవలపర్: సార్, 13లో ఐడీఈ, అంటే మనం ప్రోగ్రాములు రాసుకునే తెర, 64 బిట్‌లో వచ్చిందని ఎంతో ఆశపడ్డాను. మా ప్రాజెక్టు పెద్దది, పాతదాంట్లో మధ్యాహ్నానికల్లా మెమరీ చాలడం లేదని పడిపోయేది. తీరా తెరిస్తే కొన్న కాంపొనెంట్లు సగం కనిపించడం లేదు.

పోలేదమ్మా, ఉన్నాయి. 64 బిట్ ఐడీఈలోకి 64 బిట్‌లో కట్టిన డిజైన్ ప్యాకేజీలే (కాంపొనెంట్లని ఐడీఈలో చూపించే ఫైళ్లు) ఎక్కుతాయి. మీవి 32 బిట్‌వి అయ్యుంటాయి. సోర్సు ఉంటే తిరిగి కట్టుకోండి, లేకపోతే అమ్మినవాళ్లు ఇచ్చేదాకా ఫారాలు దిద్దడానికి 32 బిట్ ఐడీఈ వాడండి, 13తో పాటు అదీ వస్తుంది. 32 బిట్ ప్రోగ్రామ్‌కి ఎంత చేసినా 4 జీబీకి మించి అందదు, మీ కంప్యూటర్‌లో 32 జీబీ ఉన్నా సరే. మీ మధ్యాహ్నం గొడవ అదే. మీరు తయారుచేసే ప్రోగ్రాములకి 64 బిట్ 2011 నుంచీ ఉంది, అవి తయారుచేసే ఐడీఈకి మాత్రం పద్నాలుగేళ్లు ఆగాల్సొచ్చింది! ఇందులో మీ కోపమే నా కోపం.

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు, ఎర్ర ఇంకుతో: కొనాలంటే ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఉచితం అని చెప్పి కమ్యూనిటీ ఎడిషన్ ఇచ్చారు, దానికి సవాలక్ష షరతులు. చిన్నవాళ్లు బతకొద్దా?

ఇంకు రంగు అర్థమైంది. 2018లో వచ్చిన ఆ ఎడిషన్ ఉచితమే గానీ, ఏడాదికి 5,000 డాలర్ల ఆదాయం దాటనంతవరకే, అంటే నాలుగు లక్షల రూపాయల పైమాట. కంపెనీకైతే మొత్తం ఆదాయం చూస్తారు, సాఫ్ట్‌వేర్ మీద వచ్చింది ఒక్కటే కాదు. కాబట్టి మిల్లులో జీతానికి చేసే కుర్రాడు మిల్లు కోసం దాన్ని వాడితే షరతు తప్పినట్టే, మిల్లు ఆ సొమ్ము ఒక్కరోజులో చూస్తుంది. పైగా కొత్త వెర్షన్ కొన్నవాళ్లకి ముందు, ఉచితంవాళ్లకి తర్వాత. నా లెక్కలో నలుగురు షాపులవాళ్లకి రాసిచ్చుకునే ఒంటరి మనిషికి ఇది చాలు. ఆ గీత దాటిన చిన్న కంపెనీకే అసలు కష్టం, ఉచితం కుదరదు, కొనే స్తోమత రాలేదు. అలాంటివాళ్లు లాజరస్ అనే ఉచిత సాధనం చూడండి. పాస్కలే, ఫారాలు గీసే పద్ధతీ ఇంచుమించు అదే, ఆదాయం మీద ఏ షరతూ లేకుండా అమ్ముకోవచ్చు. నేను రెండు ప్రోగ్రాములు మార్చాను, రిపోర్టుల దగ్గర నాలుగు రోజులు తల పట్టుకున్నాను, మిగతావి బాగానే వచ్చాయి.

రాయగడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ఇప్పుడు డెల్ఫీ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అంకుల్?

విశాఖలో ఉద్యోగం కోసమైతే వద్దు నాన్నా, పైథాన్ గానీ జావా గానీ పట్టుకో. డెల్ఫీకి మొదటి రూపశిల్పి అయిన ఆండర్స్ హెల్స్‌బెర్గ్ గారే 1996లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్లిపోయి తర్వాత సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ చేశారు. అయితే మీ మావయ్య మెడికల్ షాపు నీ ఉత్తరంలో ఉంది కదా, ఎక్స్‌పైరీ డేట్లు ఇంకా నోటు పుస్తకంలో రాస్తున్నారని. సెలవుల్లో లాజరస్ దించుకుని దానికో ప్రోగ్రామ్ రాసిపెట్టు. ఎక్కడ ఆగిపోయావో ఆ లైను, ఎర్రర్ ఉన్నదున్నట్టు రాసి పంపు, వచ్చే సంచికలో నీది మొదట వేస్తాను.