మూడో ఏడులోనే కాలేజీ వదిలేస్తానంటున్న మా వాడికి

ఒరేయ్ చిన్నోడా,

మీ నాన్న ఫోన్ చేశాడు, కాలేజీ మధ్యలో వదిలేసి టెన్నిస్ ప్రో టూర్‌కి వెళ్ళిపోతానంటున్నావంట. ఆయన గోల డిగ్రీ గురించి. నా గోల డిగ్రీ గురించి కాదురా, నీ ఆట గురించే.

మన టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ సంగతే చూడు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీలో నాలుగేళ్ళూ ఆడాడు. 2006లో ఎన్‌సీఏఏ, అంటే అక్కడి కాలేజీల జాతీయ పోటీ, సింగిల్స్ ఫైనల్ ఓడాడు, 2007లో గెలిచాడు, అప్పుడే వెళ్ళిపోయి ఉండొచ్చు, వెళ్ళలా. ఇంకో ఏడు ఉండి 2008లో 44 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడి మళ్ళీ టైటిల్ కొట్టాడు. 2007 ఫైనల్లో అవతల ఉన్నది అమెరికా ఆటగాడు ఇస్నర్, ఆరడుగుల పది అంగుళాల మనిషి, పైగా మ్యాచ్ జరిగింది వాడి కాలేజీ ఊళ్ళోనే, జనమంతా వాడివైపే. మనవాడికి సర్వ్ అంతంతమాత్రం, కాళ్ళు మాత్రం ఆగవు. మూడో సెట్ టైబ్రేక్‌లో గెలిచాడు. అలాంటి మ్యాచ్‌లు నలుగురు కూడా చూడని ఫ్యూచర్స్‌లో, ఆ అట్టడుగు ప్రో టోర్నీల్లో, ఎక్కడ దొరుకుతాయిరా నీకు? 2009 జనవరిలో చెన్నై ఓపెన్‌లో వైల్డ్ కార్డుతో, అంటే నిర్వాహకులు నేరుగా ఇచ్చిన చోటుతో, దిగి మోయా, కార్లోవిచ్ లాంటి పెద్ద ఆటగాళ్ళని కొట్టి ఫైనల్ దాకా పోయాడంటే ఊరికే పోలా. ఆ తర్వాత ర్యాంకు 62 దాకా వెళ్ళింది.

నేను శాటిలైట్లు, అంటే అప్పటి చిన్న ప్రో టోర్నీలు, ఆడిన రోజుల్లో నాలుగు వారాలు ఊళ్ళు తిరిగితేగానీ ర్యాంకు పాయింట్లు తేలేవి కాదు, రాత్రి బాత్రూం బకెట్లో టీషర్టులు ఉతికి ఫ్యాన్ కింద ఆరేసి, పొద్దున్నే తడిదే వేసుకుని కోర్టుకెళ్ళేవాణ్ణి, రాకెట్‌లో తెగిన గట్ (తీగ) మార్పించాలంటే ఆ పూట భోజనం మానెయ్యడమే. ఇప్పుడు నీకు రాకెట్, గట్, ఫిజియో, ఫ్లైట్ అన్నీ కాలేజీయే చూస్తోంది కదా, అందుకే తెలీట్లేదు. నువ్వు ముందు ఆడాల్సింది ఎం15లు, ఆ అట్టడుగు టోర్నీలే. ఎం15 అంటే టోర్నీ మొత్తం ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లు, టైటిల్ కొట్టినోడికి వచ్చేది రెండు వేల చిల్లర. మొదటి రౌండ్లో ఓడితే హోటల్ బిల్లుకి కూడా చాలదు.

ఇంకోటి, కాలేజీ ర్యాంకింగ్‌లో పైన ఉన్నోళ్ళకి మగవాళ్ళ ప్రో టూర్ నడిపే ఏటీపీ వాళ్ళు చాలెంజర్లలో, అంటే ఎం15ల కన్నా పై స్థాయి టోర్నీల్లో, చోటిచ్చే స్కీమ్ ఒకటి పెట్టారు, దాని రూల్స్ ఈ ఏడు ఎలా ఉన్నాయో మీ కోచ్‌ని కూర్చోబెట్టి అడుగు. అది దొరికితే ఎం15ల చుట్టూ తిరిగే బాధ చాలావరకు తప్పుతుంది. అది వదిలేసి వచ్చేస్తానంటే నిన్నేమనాలి?

మన ఇంకో ఆటగాడు సాకేత్ మైనేని కూడా అమెరికాలో అలబామా యూనివర్సిటీలో చదివినోడే. యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాకి వచ్చింది 2016లో, అప్పటికి 28 ఏళ్ళు, అంటే తొందరేం లేదన్నమాట. మొదటి రౌండే ఐదు సెట్లు ఆడాడు, ఆఖర్లో కాళ్ళు పట్టేశాయి పాపం.

సమ్మర్ సెలవుల్లో మూడు ఎం15లు ఆడు, డబ్బు నేనిస్తా. కాకపోతే టీ దగ్గర్నుంచి ప్రతి ఖర్చూ రాసి పెట్టు. ఆగస్టులో ఆ లెక్క పట్టుకుని ఇంటికి రా, మీ నాన్నని నేను కూర్చోబెడతా.

బాబాయ్