మీరు అడిగారు: 86 కిలోమీటర్ల ఎత్తులో తేలడమెలా?

ప్రశ్న: 2021 జులై 11న శిరీష బండ్ల వెళ్లిన వర్జిన్ గెలాక్టిక్ అంతరిక్ష నౌక 'యూనిటీ' 86 కిలోమీటర్ల ఎత్తుకే వెళ్లి దిగింది. హైదరాబాద్ నుంచి జడ్చర్లంత దూరం! అంతలోనే గురుత్వాకర్షణ పోతుందా? దిగేటప్పుడు కాలిపోదా?
– ఓ డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గురుత్వాకర్షణ పోదు. అక్కడా నేల మీద ఉన్న దాంట్లో 97 శాతం ఉంటుంది. ఇంజిన్ ఆగాక నౌకనూ లోపలి మనుషులనూ భూమి ఒకేలా లాగుతుంది. సీటు ఒంటిని నొక్కదు కాబట్టి తేలతారు. అదీ మూడు నాలుగు నిమిషాలే.

నౌకను మోసుకెళ్లే తల్లివిమానం దాదాపు 14 కి.మీ. ఎత్తున వదిలేశాక రాకెట్ సుమారు నిమిషం మండుతుంది. వేగం ధ్వనికి మూడు రెట్లు. కక్ష్యలో తిరగాలంటే కావలసిన గంటకు 28 వేల కి.మీ.లో ఇది ఎనిమిదో వంతు. అందుకే వేడి తక్కువ.

అసలు కిటుకు తోకలో ఉంది. పైన జంట తోకల్ని 60 డిగ్రీలు పైకి మడుస్తారు. నౌక పొట్ట కిందికి పెట్టి, గాలి పలచగా ఉన్నచోటే వేగం తగ్గించుకుంటుంది. తర్వాత తోక దించి, ఇంజిన్ లేకుండానే రన్‌వే మీద వాలుతుంది.

ప్రమాదం కూడా అక్కడే. తోక మడవకుండా పట్టి ఉంచే తాళాన్ని, పైకి వెళ్లేటప్పుడు మాక్ 1.4 (ధ్వని వేగానికి 1.4 రెట్లు) దగ్గర తీయాలి. 2014 అక్టోబర్ 31న ఇంతకుముందటి నౌకలో కో-పైలట్ 0.8 దగ్గరే తీశారు. గాలి ఒత్తిడికి తోక తనంతట తానే మడుచుకుని నౌక ముక్కలైంది. ఆయన మరణించారు, పైలట్ పారాచూట్‌తో బతికారు. ఒక్క చేతి పొరపాటుకు కూలిపోయేలా కట్టడమే పెద్ద లోపం. తర్వాత తాళం ముందే ఊడకుండా యాంత్రికమైన అడ్డు పెట్టారు.

రాకెట్ మండకపోతే? 2020 డిసెంబర్ 12న అదే జరిగింది. ఇద్దరు పైలట్లూ గ్లైడర్‌లా క్షేమంగా దిగారు.